బడి మిద్దె మీద వాన నీళ్ల ఫిల్టరు: ఏడాది వాడాక

నేను అనంతపురం దగ్గర ఒక హైస్కూల్లో సైన్స్ టీచర్‌ని. పోయిన జూన్‌లో బడి తెరిచిన వారానికే మిద్దెకు వాన నీళ్ల పైపులు, ఫిల్టరు, 5,000 లీటర్ల ట్యాంకు పెట్టించాం. టౌన్‌లో ఒక షాపువాళ్లు కూలీతో కలిపి 62,000 రూపాయలకు చేసిచ్చారు. పాత విద్యార్థులు తలా కొంత వేసుకున్న డబ్బు అది. ఎలా పనిచేస్తోందో చెప్పాల్సిన బాధ్యత నాకుంది.

మా జిల్లా పడమటి కనుమల చాటున ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. ఈ మాత్రానికి ట్యాంకెందుకని స్టాఫ్‌రూములో అడిగారు. బోర్డు మీద లెక్క వేసి చూపించాను. చదరపు మీటరు మిద్దె మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. మాది 200 చదరపు మీటర్ల మిద్దె. 30 మిల్లీమీటర్ల వాన పడితే, పోయేది పోగా 4,800 లీటర్ల దాకా దక్కుతుంది. సెప్టెంబరులో ఒక్క రాత్రి గట్టిగా కురిసేసరికి ట్యాంకు నిండి పొర్లింది. పొద్దున పిల్లలంతా చుట్టూ చేరి కేకలు. ఇప్పుడు ఆ పొర్లే నీళ్లు బోరు పక్కన తవ్విన ఇంకుడు గుంతలోకి పోతాయి. మళ్లీ పెట్టిస్తే మాత్రం ఇంకా పెద్ద ట్యాంకే తీసుకుంటాను.

ఫిల్టరులో కంకర, బొగ్గు, ఇసుక పొరలున్నాయి. దానికి వంక పెట్టలేను. లోపమల్లా బిగింపులోనే. మొదటి వానకు మిద్దె మీది దుమ్ము, పావురాల రెట్ట అంతా కొట్టుకొచ్చి ట్యాంకులో నీళ్లు టీ రంగుకు తిరిగాయి. తొలి నీళ్లను పక్కకు తీసే పైపు వాళ్లు పెట్టనే లేదు! మూడుసార్లు ఫోన్ చేస్తే పన్నెండు రోజులకు వచ్చారు. కింద మూత ఉన్న నిలువు పైపు ఒకటి బిగించారు. మురికి నీళ్లు ముందు అందులో నిండుతాయి, ఆ తర్వాతి నీళ్లే ఫిల్టరుకు పోతాయి. మీరు పెట్టించుకుంటే ఆ పైపు చూశాకే డబ్బివ్వండి. వాన వెలిశాక ఆ మూత తిప్పి ఖాళీ చేయడం, జాలీలో ఇరుక్కున్న వేపాకు తీయడం మా ఎనిమిదో తరగతి పిల్లల పని. ఒక్కసారి కూడా మరవలేదు.

ఈ నీళ్లు పళ్లేలు కడగడానికి, మరుగుదొడ్లకు, చెట్లకు వాడుతున్నాం. వాన పడిన వారాల్లో బోరు మోటారు వేసే పని బాగా తగ్గింది. వంట చేసే అక్క, "బోరు నీళ్లకు పళ్లెం మీద తెల్లమరక నిలిచిపోతాది సార్, ఈ నీళ్లకు అది లేదు. పప్పు కూడా ఇందులోనే ఉడికిస్తా" అంది. బోరు నీళ్లలో పప్పు ఉడకక ఆమె పడే కష్టం నాకు తెలుసు. అయినా వద్దన్నాను. మిద్దె మీద పావురాలున్నంత వరకు ఆ నీళ్లు పిల్లల కడుపులోకి పోవడానికి ఒప్పుకోను. కుళాయి మీద ఎర్ర పెయింటుతో "తాగకూడదు" అని రాయించాం.