కార్బన్ ఫైబర్ ఎలక్ట్రోడ్లు: ఏళ్లుగా వాడుతున్నాను కాబట్టి చెప్తున్నా

హనుమకొండలోని మా ల్యాబ్‌లో ఎలుకల మెదడులో డోపమిన్ (నరాల కణాల మధ్య సంకేతాలు మోసే రసాయనం) కొలవడానికి వీటినే వాడుతున్నాం. కొనొచ్చా సార్ అని పీహెచ్‌డీ పిల్లలు అడుగుతూనే ఉంటారు. కొనండి, కానీ గాజు గొట్టంలో బిగించినవి మత్తులో ఉన్న ఎలుకకే, ఒక్క పూట ప్రయోగానికే పనికొస్తాయి. పుర్రెకు బిగించి నెలల తరబడి చూడాలంటే సన్నటి సిలికా గొట్టంలో వచ్చేవే తీసుకోండి, ఎలుక తల విదిలించినా విరగవు.

లోపలి కార్బన్ పోగు మందం 7 మైక్రాన్లే, తలవెంట్రుకలో దాదాపు పదో వంతు, కాబట్టి మెదడుకు గాయం తక్కువ. సెకనుకు 10 సార్లు వోల్టేజీని −0.4 నుంచి +1.3 వోల్టుల దాకా ఎక్కించి దించుతాం (ఇలా ఒక్కసారి ఎక్కి దిగితే ఒక స్కాన్), ఆ ఎక్కడంలో +0.6 దగ్గర డోపమిన్ ఆక్సీకరణ చెంది కరెంటులో చిన్న గుట్ట లేస్తుంది. స్కాన్‌కీ స్కాన్‌కీ మధ్య −0.4 దగ్గర ఆపడం ఊరికే కాదు, ధనావేశం ఉన్న డోపమిన్ వచ్చి పోగుకు అంటుకుంటుంది, రుణావేశం ఉన్న విటమిన్ సి దూరంగా పోతుంది. మెదడులోని ఇంకో రసాయనం నోరెపినెఫ్రిన్ కూడా ఇంచుమించు అదే గుట్ట చూపిస్తుంది, గుట్ట చూసి ఏది ఏదో తేల్చడం కష్టం, అమ్మేవాళ్లు ఈ ముక్క మాత్రం చెప్పరు.

వారాలు గడిచాక గుట్ట పక్కకు జరిగితే పోగు పాడైందని టెన్షన్ పడి పారేయకండి. చాలాసార్లు తప్పు రిఫరెన్స్ తీగది (పోగు వోల్టేజీని దేనితో పోల్చి కొలుస్తామో ఆ వెండి తీగ), మెదడులో ఉండి ఉండి దాని మీది సిల్వర్ క్లోరైడ్ పూత అరిగిపోతుంది. పోగు మాత్రం గట్టిది, ప్రోటీన్లు పేరుకున్నా +1.3 దాకా వెళ్లిన ప్రతిసారీ పైపొర కొంచెం కొంచెం రాలి కొత్త ముఖం బయటపడుతుంది. అందుకే 1.0 దగ్గర ఆపితే చాలు కదా అనేవాళ్ల మాట నేను వినను.

ఒక సప్లయర్ పంపిన బ్యాచ్‌లో మాత్రం గొట్టం చివర సీలులో బుడగలున్నాయి, అడిగితే రవాణాలో అయ్యుంటుందన్నాడు! సీలులోకి నీరు దిగితే బ్యాక్‌గ్రౌండ్ కరెంటు (డోపమిన్ లేకున్నా పారేది) నిలకడగా ఉండదు, కాబట్టి డబ్బులిచ్చే ముందే మైక్రోస్కోప్ కింద పెట్టి ఒక్కొక్కటీ చూసుకోండి. మన దగ్గర మే నెలలో పక్క గదిలో కూలర్ వేస్తే చాలు కరెంటు లైన్ల 50 హెర్ట్జ్ గోల సిగ్నల్‌లో మొదలవుతుంది, దాన్ని అడ్డుకునే లోహపు పెట్టె, అంటే ఫారడే కేజ్ లేకుండా పని జరగదు.

రిఫరెన్స్ తీగ కొనకండి, దండగ. వెండి తీగను శుభ్రంగా తుడిచి బ్లీచ్‌లో ముంచి ఉంచితే సిల్వర్ క్లోరైడ్ పూత పట్టి ముదురు బూడిద రంగుకు తిరుగుతుంది, మేం అదే వాడుతున్నాం.