‘సైలెంట్ రూమ్’ అని 2,900 కట్టించుకుని జనరేటర్ పక్కన పడేశారు

ఒక్క గిటారుతో పాడుతూ హైదరాబాద్ నుంచి బొబ్బిలి దాకా ఊరూరా తమ్ముడితో తిరిగిన ఏడు రోజుల్లో ఒక మజిలీ విశాఖ. అక్కడ బీచ్‌కి రెండు వీధుల అవతల ఓ లాడ్జి. ఫోన్‌లో అడిగింది ఒక్కటే: రాత్రిపూట గిటారు, గొంతు రికార్డు చేసుకోవాలి, చప్పుడు లేని గది ఉందా అని. "వెనకవైపు సైలెంట్ రూమ్ ఉంది సార్, రోడ్డు సౌండ్ అస్సలు రాదు" అన్నారు. రోజుకి 1,450 చొప్పున రెండు రాత్రులకి 2,900 ముందే కట్టించుకున్నారు. వెనకవైపు అన్నమాట నిజమే. ఆ వెనకే, సరిగ్గా కిటికీ కింద, డీజిల్ జనరేటర్. దాని పక్కన పై ట్యాంకుకి నీళ్లెక్కించే మోటారు. పదకొండుకి కరెంటు పోయి జనరేటర్ మొదలైంది, ఒంటిగంటకి ఆగింది. రెండింటికి మోటారు వేశారు. గది మార్చమంటే ఖాళీ లేదన్నారు. రెండో రాత్రి డబ్బు వెనక్కి ఇమ్మంటే "అడ్వాన్స్ రిటర్న్ ఉండదు, బోర్డు చూడలేదా" అన్నారు. ఆ బోర్డు కౌంటర్ వెనక, క్యాలెండర్ చాటున ఉంది. ఆంప్లిఫయర్ మోసుకుంటూ వెంట వచ్చిన తమ్ముడు మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

మామూలుగా వెళ్లేవాళ్లకి ఇది ఒక రాత్రి నిద్ర చెడటం. ఒక్క గిటారు, ఒక్క గొంతుతో పాట చేసుకునేవాళ్లకి పని మొత్తం పోవడం. డ్రమ్స్, కీబోర్డ్ ఉన్న పాటలో గది చప్పుడు వాటి కింద దాక్కుంటుంది. ఇక్కడ తీగకీ తీగకీ మధ్య ఉన్న నిశ్శబ్దం కూడా పాటలో భాగమే. తర్వాత కంప్యూటర్‌లో తీసేద్దాం అనుకుంటే కుదరదు, ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్లు, పాత ట్యూబ్‌లైట్ చోకులు దానికి రెట్టింపు, 100 దగ్గర గుంయ్‌మంటాయి. పెద్ద డ్రెడ్‌నాట్ గిటారు డొల్లలోని గాలి మోగేది కూడా దాదాపు అక్కడే. గుంయ్ తీసేద్దామని 100 దగ్గర కోత పెడితే గిటారు నిండుతనం దానితోపాటే పోయి, అట్టపెట్టె వాయించినట్టు వినిపిస్తుంది. జనరేటర్ చప్పుడు ఇంకా కష్టం. లోడు పెరిగినప్పుడల్లా ఇంజను వేగం కాస్త మారుతుంది, శృతి నిలకడగా ఉండదు. ఒకచోట పెట్టిన ఫిల్టర్ దాన్ని పట్టుకోలేదు.

అందుకే డబ్బు కట్టేముందు గదిలోకి వెళ్లి చూడండి. తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను, ఏసీ, లైటు అన్నీ ఆపి, ఫోన్‌లో రెండు నిమిషాలు ఖాళీగా రికార్డు చేసి ఇయర్‌ఫోన్స్‌తో పూర్తి వాల్యూమ్‌లో వినండి. చెవికి అందని మోటారు అందులో దొరికిపోతుంది. జనరేటర్ ఎక్కడుంది, నీళ్ల మోటారు ఎన్నింటికి వేస్తారు, లిఫ్టు గోడ ఏ వైపు, కింద ఫంక్షన్ హాలు ఉందా, ఈ నాలుగూ అడగండి. "సైలెంటా" అని మాత్రం అడగొద్దు, అందరూ అవుననే అంటారు. పై అంతస్తు కంటే మధ్య అంతస్తు మేలు, ట్యాంకులో నీళ్లు పడే చప్పుడు ఉండదు. టైల్స్ నేల, ఖాళీ గోడలు ఉన్న గదిలో గొంతు గంట కొట్టినట్టు మోగుతుంది. పరుపు లేపి గోడకి ఆనించి, దానికి ఎదురుగా కూర్చుంటే సగం తగ్గుతుంది. దుప్పట్లు వేలాడదీసిన అల్మారా తలుపులు తెరిచి వీపు వెనక ఉంచుకుంటే ఇంకాస్త. మైకు గిటారు 12వ మెట్టుకి (ఫ్రెట్‌కి) ఎదురుగా, ఒక అడుగు దూరంలో ఉండాలి. శబ్దరంధ్రానికి ఎదురుగా పెడితే అడుగు స్వరాలు ఉబ్బిపోతాయి. లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దాటనివ్వకండి. రికార్డింగ్‌కి మంచి సమయం రాత్రి రెండున్నర నుంచి నాలుగున్నర. ఆ తర్వాత గుడి మైకులో సుప్రభాతం, పాలవాళ్ల బళ్లు మొదలవుతాయి. మే నెలలో ఫ్యాను ఆపి పాడాలంటే చెమట తప్పదు, టేకుకీ టేకుకీ మధ్య తీగలు పొడి గుడ్డతో తుడవండి.

విశాఖకి ముందు విజయవాడ, రాజమండ్రి సాఫీగా గడిచాయి. గదులు 900, 1,100. రెండు చోట్లా ఇళ్లలో కచేరీలు. పాతిక మంది లోపు, మైకు లేదు, వచ్చినవాళ్లు ఇచ్చింది 4,000, 3,500. మైకు లేని ఇంటి హాలు దొరికితే కేఫ్ కంటే దానికే ఒప్పుకోండి.

హైదరాబాద్ నుంచి విజయవాడకి ప్రైవేటు బస్సు ఎక్కడం మాత్రం తప్పు. మనిషికి 650. గిటారు సీటు దగ్గర పెట్టుకోనివ్వలేదు. క్లీనర్ లాక్కున్నట్టు తీసుకుని డిక్కీలో సూట్‌కేసుల మీద వేశాడు. మే ఎండలో, ఇంజను వేడి పక్కన, మూసిన డిక్కీ అంటే గిటారుకి గండమే. మామూలు 12-53 మందం సెట్టు తీగలు శృతిలో ఉన్నప్పుడు బ్రిడ్జిని (పైచెక్క మీద తీగల చివరలు పట్టి ఉంచే చెక్కముక్కని) లాగే బలం మొత్తం 70 కిలోలు దాటుతుంది. బ్రిడ్జిని పట్టుకుని ఉన్నది జిగురు ఒక్కటే. 60 డిగ్రీలు దాటితే మామూలు చెక్క జిగురు మెత్తబడుతుంది, ఆ లాగుడికి బ్రిడ్జి వెనక అంచు లేస్తుంది. డిక్కీ తప్పనప్పుడు ఎక్కేముందే ఆరు తీగలూ రెండేసి అరస్వరాలు దించండి, లాగుడు ఐదో వంతు తగ్గుతుంది. అంతకంటే వదులు అక్కర్లేదు. పూర్తిగా విప్పేస్తే మెడ వెనక్కి వంగుతుంది. దిగాక బ్రిడ్జి వెనక అంచు కింద పల్చటి కాగితం దూర్చి చూడండి. దూరితే వెంటనే తీగలు వదులు చేసి, గిటారు బాగుచేసే మనిషి దగ్గరికి తీసుకెళ్లండి. క్షణాల్లో అంటుకునే జిగురు మాత్రం పోయొద్దు. అది పెళుసు, మళ్లీ విరుగుతుంది, పైగా తర్వాత సరైన జిగురుని పట్టనివ్వదు. ఈసారి కాగితం దూరలేదు. కానీ రాజమండ్రి చేరేదాకా శృతి ఒక్కచోట నిలవలేదు.

రైలే నయం. రైలు పెట్టెలో తీసుకెళ్లే సామానుకి రైల్వే చెప్పే కొలత 100, 60, 25 సెంటీమీటర్లు. గట్టి గిటారు పెట్టె పొడవు దాదాపు 108. కొలిస్తే ఎక్కువే కాబట్టి మెత్తటి సంచీలో వేసుకుని పై బెర్తు తీసుకోండి, గోడవైపు గిటారు, ఇవతల మనిషి. సైడ్ బెర్తు వద్దు, ఇద్దరికీ చోటు చాలదు.

పొడిగాలి నుంచి సముద్రపు గాలికి వెళ్లినప్పుడు గిటారు ఏం చేస్తుందో కూడా తెలిసి ఉండాలి. చెక్కకి నప్పేది 45 నుంచి 55 శాతం తేమ. వేసవి హైదరాబాద్‌లో అంతకంటే తక్కువ, పైచెక్క కుంగి తీగలు మెట్లకి తగిలి జర్రుమంటాయి. విశాఖలో బాగా ఎక్కువ, పైచెక్క ఉబ్బి తీగలు లేస్తాయి, వేళ్లు నొప్పి పుడతాయి. చేరగానే మెడలోని రాడ్డు తిప్పేయొద్దు. ఒక రోజు ఆగండి, అప్పటికీ మెడ వంగినట్టుంటే పావు తిప్పు, అంతే. ఏడాదిలో ఎక్కువ రోజులు రోడ్డు మీదుండేవాళ్లకి ప్లైవుడ్ పైచెక్క గిటారే మంచిది. స్వరం కాస్త తగ్గినా పగలదు. ఉప్పుగాలికి పూత లేని తీగలు నాలుగు రోజుల్లో మొద్దుబారాయి. రెండు సెట్లకి 1,300 అయింది.

విశాఖ కేఫ్‌లో మాట్లాడుకున్నది 5,000, చేతికిచ్చింది 3,500. జనం తక్కువ వచ్చారట. జనాన్ని రప్పించడం పాడేవాళ్ల పని అని ముందు ఎవరూ చెప్పలేదు. ఇకనుంచి సగం డబ్బు ముందు రోజే వేయించుకోవాలి, మిగతాది మొదటి పాటకి ముందు. సౌండ్ తమదే అన్నారు, తీరా ఉన్నది పెళ్లిళ్లలో వాడే పెద్ద స్పీకరు, గిటారు నేరుగా కలిపే దారి లేదు. సొంత డీఐ బాక్సు (గిటారుని సౌండ్ సిస్టమ్‌కి కలిపే చిన్న డబ్బా), 6 మీటర్ల కేబులు, శబ్దరంధ్రం మూసే రబ్బరు మూత సంచీలో ఉండబట్టి గట్టెక్కింది. స్పీకరు శబ్దం తిరిగి గిటారులోకే వెళ్లి కూత పెట్టేది ఎక్కువగా 100, 200 హెర్ట్జ్ మధ్యే. ముందు మూత పెట్టండి, తర్వాత ఫేజ్ బటన్ నొక్కి చూడండి, అప్పటికీ ఆగకపోతేనే ఈక్వలైజర్‌లో ఆ చోటు తగ్గించండి. మొదటే తగ్గిస్తే మిగిలేది పల్చటి శబ్దం.

వరుసగా నాలుగు రోజులు పాడితే గొంతు దిగుతుంది. కేపో (తీగలన్నిటినీ ఒక మెట్టు మీద నొక్కి ఉంచే క్లిప్పు) మూడో మెట్టు మీద పెట్టి కట్టిన వరసని ఐదో రోజు ఒకటో మెట్టుకి దించి పాడటంలో నామోషీ లేదు, వేళ్ల పని మారదు. అసలు తెలుగు పాటకి వరస కట్టేటప్పుడే ఇది చూసుకోవాలి. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, పాదం చివర ‘ఆ’, ‘ఉ’ సాగుతుంది. ఆ సాగే చోట కుడిచెయ్యి గబగబా మీటుతుంటే గొంతుకి అడ్డం. అక్కడ బొటనవేలి బేసు తీగ ఒక్కటే ఉంచి, తక్కిన మీటుళ్లు తర్వాతి మాట మొదటి అక్షరం దగ్గర పెట్టండి. లఘువు మీద కార్డు గట్టిగా కొడితే అది గురువులా వినిపిస్తుంది, మాట అర్థమే చెడుతుంది. పల్లవి ముందు వాయిద్యం లేకుండా నడుస్తూ పాడి, ఊపిరి ఎక్కడ పడుతోందో చూసి, ఆ తర్వాత గిటారు పట్టుకోండి.

విజయనగరంలో గది 850, రెండు రాత్రులు, ఏ గొడవా లేదు. లాడ్జి కుర్రాడు మోటారు వేసేముందు తలుపు కొట్టి చెప్పాడు! ఆ ఊరు సంగీతం వాళ్లని ఎరుగును. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల అక్కడిదే. దాని తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. కాళ్లకి గజ్జెలు, చేతిలో చిడతలు, కథ, పద్యం, పాట, నాట్యం అన్నీ ఒకే మనిషి. మైకులు రాకముందు నుంచే ఊరంత సభకి వినిపించేలా పాడారు. ఒక్కడే నిలబడి సభని నడిపే విద్య మనకి బయటి నుంచి రాలేదు. గిటారు పట్టుకున్న పిల్లలు ఒకసారి ఆ కళాశాల గేటు ముందైనా నిలబడి రావాలి.

అక్కణ్నుంచి బొబ్బిలికి రైల్లో గంటకి కాస్త పైన. స్టేషన్ నుంచి గొల్లపల్లికి ఆటో రానూపోనూ, ఆగి ఉండటంతో కలిపి 350. బొబ్బిలి వీణ తయారయ్యేది గొల్లపల్లిలోనే. ప్రవేశ రుసుము లేదు, కొనమని ఒత్తిడి లేదు. అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఏడు రోజుల్లో తమ్ముడు నవ్వింది ఇక్కడే.

చూడాల్సింది మేళం కట్టడం, అంటే వీణ మెట్లని శృతి చూసి నిలబెట్టడం. పనస మానుని తొలిచి కుండ (గుండ్రటి డొల్ల), దండి (పొడవాటి మెడ) ఒకే చెక్కలో తీస్తారు, దాన్నే ఏకాండ వీణ అంటారు. కానీ వీణ పలికేది మేళం కుదిరాకే. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి వేడిచేసి, దండి పొడవునా రెండు గట్లుగా పోస్తారు. ఆ గట్ల మీద 24 లోహపు మెట్లు. వీణ చేసే పెద్దాయన ఒక్కో మెట్టుని మైనం మెత్తగా ఉండగానే నిలబెట్టి, తీగ మీటి, చెవి పక్కకి వంచి విని, బొటనవేలి గోటితో వెంట్రుకవాసి జరిపి, మళ్లీ మీటుతున్నారు. ఒక్క గాంధారం మెట్టుకే తొమ్మిదిసార్లు. మీటరు లేదు, ఫోన్ యాప్ లేదు. శృతికి పక్కన మోగేది తాళం తీగ ఒక్కటే. గిటారు మెట్లు చెక్కలో దిగ్గొట్టి ఉంటాయి, ఫ్యాక్టరీ ఎక్కడ పెడితే స్వరం అక్కడే. ఇక్కడ స్వరస్థానం మనిషి చెవి నిర్ణయిస్తుంది, మైనం దాన్ని పట్టుకుని ఉంటుంది.

బస్సు డిక్కీ సంగతి చెబితే ఆయన పని ఆపి, గిటారు తీసుకుని, పైచెక్కని వేలి కణుపుతో నాలుగుచోట్ల కొట్టి విన్నారు. బ్రిడ్జి అంచు తడిమారు. "ఇది తట్టుకుంది బాబూ. వీణైతే మైనం కారిపోయేది, మేళం మొత్తం మళ్లీ కట్టాల్సిందే" అన్నారు. వీణ కొనేవాళ్లకి ఆయన చెప్పే జాగ్రత్తలు మూడు: ఎండ తగిలే కిటికీ పక్కన ఉంచొద్దు, ఆగి ఉన్న కారులో వదిలి వెళ్లొద్దు, వేసవిలో పగటి ప్రయాణం పెట్టుకోవద్దు. మెట్లు జరిగితే సొంతంగా దీపం పెట్టి కరిగించొద్దు, తిరిగి పంపండి అన్నారు.

చిన్న బొమ్మ వీణలు కూడా అక్కడే చేస్తారు. ఒకటి 700కి తీసుకున్నాం, బేరం ఆడలేదు. గిటారు పట్టి చూసి, అంతసేపు పని చూపించినందుకు పెద్దాయనకి డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఇద్దరికీ కలిపి లెక్క ఇది: గదులు 6,600, ప్రయాణం 4,870, తిండి 3,900, తీగలు 1,300, బొమ్మ వీణ 700. మొత్తం 17,370. వచ్చింది 11,000. విశాఖలో లాడ్జికి ఆ 2,900, కేఫ్‌లో తగ్గించిన ఆ 1,500 పోకుండా ఉంటే తేడా రెండు వేల లోపే ఉండేది. తిరుగు ప్రయాణానికి రాత్రి రైలు, పై బెర్తు దొరికింది. తీగలు రెండు అరస్వరాలు దించే ఎక్కాం.