వరల్డ్ క్లబ్ ఛాలెంజ్: ఎప్పుడు, ఎక్కడ ఆడిస్తే మేలు?

2025 మార్చి 1న లాస్ వెగాస్‌లోని అలీజియంట్ స్టేడియంలో రగ్బీ లీగ్ పండగ జరిగింది. ఇంగ్లండ్ సూపర్ లీగ్ విజేత విగన్ వారియర్స్ అక్కడే ఉంది. ఆస్ట్రేలియా నేషనల్ రగ్బీ లీగ్ (ఎన్ఆర్ఎల్) విజేత పెన్‌రిత్ పాంథర్స్ కూడా అక్కడే ఉంది. ఒకే రోజు, ఒకే గడ్డి మీద ఇద్దరూ ఆడారు, కానీ ఒకరితో ఒకరు కాదు. విగన్ 48-24తో వారింగ్టన్‌ని, పెన్‌రిత్ 28-22తో క్రొనుల్లాని ఓడించి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ ఏడాది వరల్డ్ క్లబ్ ఛాలెంజ్ అసలు జరగలేదు.

రెండు దేశాల విజేత క్లబ్బుల మధ్య జరిగే ఈ ఒక్క మ్యాచ్‌కి యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. 1976లో సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లో ఈస్టర్న్ సబర్బ్స్ 25-2తో సెయింట్ హెలెన్స్‌ని ఓడించడంతో మొదలైంది. అయినా ఇప్పటికీ దీనికి స్థిరమైన నెల లేదు, స్థిరమైన ఊరు లేదు. కుదిరితే ఆడతారు, కుదరకపోతే మానేస్తారు. ఆటలో పస లేక కాదు, ఏర్పాటు సరిగ్గా లేకే ఈ మ్యాచ్ నలిగిపోతోంది. కాబట్టి ఏ ఏర్పాటు మేలో లెక్కగా చూద్దాం.

(ఆట కొత్తవాళ్ళకి ఒక్క మాట: ఇది 15 మంది ఆడే రగ్బీ యూనియన్ కాదు. జట్టుకి 13 మంది, ఆరు ట్యాకిల్స్‌లోపు, అంటే అవతలివాళ్ళు ఆరుసార్లు పట్టి ఆపేలోపు, బంతితో ఏదో ఒకటి చెయ్యాలి. బంతిని అవతలి గీత దాటించి నేలకి ఆనిస్తే ట్రై, దానికి 4 పాయింట్లు. ఆ తర్వాత గోలు మీదికి కొట్టే కిక్కు కన్వర్షన్, దానికి 2. ఆట నడుస్తుండగా బంతిని నేలకి తాకించి గోలు మీదికి తన్నేది డ్రాప్ గోల్, దానికి సాధారణంగా 1.)

అక్టోబరా, ఫిబ్రవరా?

అక్టోబర్ వాదన చాలా బలమైనది. విజేతలు విజేతలుగా ఉన్నప్పుడే ఆడించాలి. 1987, 1989, 1991, 1992లో అలాగే ఆడించారు. 1987 అక్టోబర్ 7న విగన్ సొంత మైదానం సెంట్రల్ పార్క్‌లో సిడ్నీ జట్టు మాన్లీతో జరిగిన మ్యాచ్‌లో ఒక్క ట్రై కూడా పడలేదు. విగన్ 8-2తో గెలిచింది. దానికి లెక్కకొచ్చిన జనమే 36,895. 1989లో కాన్‌బెర్రా సెప్టెంబర్ 24న సిడ్నీలో గ్రాండ్ ఫైనల్ గెలిచి, పది రోజులకే మాంచెస్టర్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఇంగ్లిష్ క్లబ్ విడ్‌నెస్ ముందు నిలబడింది. మొదట 12-0 ఆధిక్యంలోకి దూసుకెళ్ళి, చివరికి 30-18తో ఓడింది. ప్రయాణ బడలిక ఎక్కడ దెబ్బ కొడుతుందో ఆ స్కోరే చెబుతుంది. మొదటి ఇరవై నిమిషాలు ఉత్సాహం మోస్తుంది, ఆ తర్వాత కాళ్ళు మొరాయిస్తాయి.

అప్పట్లో అక్టోబర్ కుదరడానికి ఇంకో కారణముంది. బ్రిటన్‌లో అప్పుడు రగ్బీ లీగ్ చలికాలపు ఆట. ఆస్ట్రేలియా సీజన్ ముగిసేసరికి బ్రిటన్‌లో కొత్త సీజన్ మొదలై నెల దాటేది, అంటే ఇంగ్లిష్ జట్టు ఊపులో ఉండేది. 1996లో సూపర్ లీగ్ వచ్చాక బ్రిటన్ కూడా వేసవికి మారింది. ఇప్పుడు ఎన్ఆర్ఎల్ గ్రాండ్ ఫైనల్ అక్టోబర్ మొదటి ఆదివారం సిడ్నీలో అయితే, సూపర్ లీగ్ గ్రాండ్ ఫైనల్ దాదాపు ఒక వారం తేడాలో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో. ఇద్దరూ ఒకేసారి అలసిపోతారు. దానికి తోడు అంతర్జాతీయ మ్యాచ్‌లు సరిగ్గా అప్పుడే. 2025లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల రగ్బీ లీగ్ యాషెస్ సిరీస్ అక్టోబర్ 25నే మొదలైంది. విజేత జట్టులో సగం మంది దేశం జెర్సీ వేసుకుని వెళ్ళిపోతే క్లబ్ ఎవరితో ఆడుతుంది?

ఫిబ్రవరికి వస్తే, 2000 నుంచి దాదాపు ఇదే పద్ధతి (మొదటి రెండేళ్ళు మాత్రం జనవరి). సూపర్ లీగ్ అప్పుడే మొదలవుతుంది, ఎన్ఆర్ఎల్ మార్చిలో మొదలవుతుంది. ఆటగాళ్ళు తాజాగా ఉంటారు, పెద్ద గాయాలు మానే వ్యవధి దొరుకుతుంది. ఇబ్బందల్లా ఒక్కటే, ఆడేది నిరుడు గెలిచిన జట్టు కాదు. ఎన్ఆర్ఎల్ కాంట్రాక్టులు అక్టోబర్ 31తో ముగుస్తాయి. 2022 టైటిల్ గెలిచిన పెన్‌రిత్ నుంచి అపి కొరొయిసౌ వెస్ట్స్ టైగర్స్‌కి, విలియామి కికౌ బుల్‌డాగ్స్‌కి వెళ్ళిపోయాకే 2023 ఫిబ్రవరిలో మ్యాచ్ జరిగింది. ఆ పై ఏడు స్టీఫెన్ క్రైటన్, స్పెన్సర్ లెనియు కూడా లేరు. 2023లో అవతల ఆడిన సెయింట్ హెలెన్స్‌కి కోచే మారాడు. టైటిల్ తెచ్చిన క్రిస్టియన్ వుల్ఫ్ పోయి పాల్ వెలెన్స్ వచ్చాడు.

ఆస్ట్రేలియా క్లబ్బులు ఫిబ్రవరి మీద చెప్పే ఫిర్యాదు మరొకటి: ఇంగ్లండ్ వెళ్ళొస్తే సీజన్ పాడవుతుందని. రికార్డు చూస్తే ఈ మాట సగమే నిజం. 2020లో సెయింట్ హెలెన్స్‌ని ఓడించి వచ్చిన సిడ్నీ రూస్టర్స్ మొదటి రెండు లీగ్ మ్యాచ్‌లూ ఓడింది. 2024లో విగన్ నుంచి తిరిగొచ్చిన పెన్‌రిత్ మొదటి రౌండ్‌లో మెల్‌బోర్న్ చేతిలో 8-0తో, ఒక్క పాయింటూ లేకుండా ఓడింది. ఇంతవరకూ నిజమే. కానీ అదే పెన్‌రిత్ ఆ ఏడు టైటిల్ గెలిచింది. 2019లో విగన్‌లో ఆడి వచ్చిన రూస్టర్స్ కూడా ఆ ఏడు టైటిల్ గెలిచింది. ఇక 2023లో పెన్‌రిత్ ఎక్కడికీ కదలకుండా సొంత మైదానంలోనే సెయింట్ హెలెన్స్‌తో 13-12తో ఓడి, రెండు వారాలకు మొదటి రౌండ్‌లో బ్రిస్బేన్ చేతిలో మళ్ళీ అదే 13-12తో ఓడింది. ప్రయాణం లేని ఏడాదీ మొదటి మ్యాచ్ పోయింది! ప్రయాణం వల్ల పోయేది ఒకటి రెండు రౌండ్లు, సీజన్ కాదు.

జట్టు మారిపోవడం నిజమైన లోపమే. అయినా ఫిబ్రవరికే నా ఓటు. అక్టోబర్‌లో ఆడించాలంటే అంతర్జాతీయ క్యాలెండర్‌ని కదపాలి, అది క్లబ్బుల చేతుల్లో లేని పని.

ఇంగ్లండా, ఆస్ట్రేలియానా, వెగాసా?

ఇది అసలైన చిక్కు. 2000 నుంచి 2013 దాకా మ్యాచ్ ఒక్కసారి కూడా ఇంగ్లండ్ దాటలేదు. 2000 నుంచి 2009 వరకు పదింటిలో ఏడు ఇంగ్లిష్ క్లబ్బులే గెలిచాయి. దాంతో "చలిలో, బురదలో, సన్నాహం లేకుండా మమ్మల్ని ఓడించడం ఓ గొప్పా" అనే మాట సిడ్నీలో పాతుకుపోయింది. ఆ సాకుకి కూడా కాలం చెల్లింది. 2009 నుంచి 2016 వరకు ఎనిమిదింటిలో ఏడు ఆస్ట్రేలియా క్లబ్బులు గెలిచాయి, అందులో ఒక్కటి తప్ప అన్నీ ఇంగ్లండ్ గడ్డ మీదే. (2010లో గెలిచిన మెల్‌బోర్న్ టైటిల్‌ని తర్వాత జీతాల పరిమితి ఉల్లంఘనకు రద్దు చేశారు, అది వేరే కథ.) 2012లో లీడ్స్ మాత్రమే మాన్లీని ఆపగలిగింది.

డబ్బు తేడా ఇక్కడ మర్చిపోకూడదు. సూపర్ లీగ్ క్లబ్ జీతాల పరిమితి 21 లక్షల పౌండ్లు, స్టార్ ఆటగాళ్ళకి కొన్ని మినహాయింపులు పోను. ఎన్ఆర్ఎల్ క్లబ్బుకి ఇది సుమారు 1.2 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు, అంటే దాదాపు మూడు రెట్లు. అందుకే ఇంగ్లిష్ క్లబ్ గెలుపు ఎప్పుడూ మామూలు గెలుపు కాదు.

ఆస్ట్రేలియాలో ఇప్పటిదాకా ఐదుసార్లే ఆడారు: 1976, 1994, 2014, 2018, 2023. ఇంగ్లిష్ క్లబ్బులు గెలిచినవి రెండు. 1994 జూన్ 1న బ్రిస్బేన్‌లో విగన్ 20-14తో గెలిచిన మ్యాచ్‌కి వచ్చిన 54,220 మందే ఈ పోటీకి ఇప్పటికీ రికార్డు. 2023లో పెన్‌రిత్‌లో మాత్రం 13,873 మందే. ఇంత తేడా ఎందుకు? 1994 మ్యాచ్ ఆస్ట్రేలియా సీజన్ నడిమధ్య పడింది, జనం రగ్బీ మూడ్‌లో ఉన్నారు. 2023లో ఎండాకాలం చివర, సీజన్‌కి రెండు వారాల ముందు, సిడ్నీ నడిబొడ్డుకి యాభై కిలోమీటర్ల దూరంలో పెట్టారు. మైదానం కూడా చిన్నదే. మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే వెస్ట్‌మీడ్, వెంట్వర్త్‌విల్ వైపు నుంచి రైలెక్కితే పెన్‌రిత్ నేరుగానే వస్తుంది, కానీ తూర్పు సిడ్నీ నుంచి శనివారం సాయంత్రం అంత దూరం ఎవరు వస్తారు?

రాని వాళ్ళు పోగొట్టుకున్నది చిన్నది కాదు. సెయింట్ హెలెన్స్ 12-6తో ముందుంది, గంట మోగబోతోంది. బ్రయన్ టోఓ మూల మీద ట్రై వేశాడు. మైదానం పక్క గీత దగ్గర నుంచి, అంత కష్టమైన కోణంలో నాథన్ క్లియరీ కన్వర్షన్ కొట్టి 12-12 చేశాడు. మొదట పాయింటు కొట్టినవాళ్ళదే గెలుపు అనే అదనపు సమయం, గోల్డెన్ పాయింట్‌లో లూయిస్ డాడ్ డ్రాప్ గోల్‌తో ముగించాడు. మరుసటి ఏడాది విగన్‌లో 24,091 మంది ముందు మ్యాచ్ 16-12తో విగన్‌దైంది. చివరి క్షణాల్లో టేలన్ మే గీత దాటినా బంతిని నేలకి ఆనించలేకపోయాడు. విగన్ గెలుపు ట్రై, జేక్ వార్డిల్‌ది, సరైనదేనా అని ఆస్ట్రేలియాలో చాలా రోజులు వాదించారు. రిఫరీ ఇంగ్లండ్ వాడు కావడంతో ఆ వాదన ఇంకా ముదిరింది.

ఇంగ్లండ్ క్లబ్ దక్షిణానికి వెళ్ళాలంటే ఏం చెయ్యాలో 2023 సెయింట్ హెలెన్సే చూపించింది. ఫిబ్రవరిలో సిడ్నీకీ ఇంగ్లండ్‌కీ పదకొండు గంటల తేడా. శరీరం రోజుకి సుమారు ఒక గంట చొప్పున సర్దుకుంటుందని లెక్కేస్తే పది, పన్నెండు రోజుల ముందు దిగాలి. వాళ్ళు అసలు మ్యాచ్‌కి ఒక వారం ముందే వలొంగాంగ్‌లో సెయింట్ జార్జ్ ఇల్లవారాతో సన్నాహక మ్యాచ్ ఆడి గెలిచారు. అక్కడి వేడి, గట్టి నేల మీద బంతి లేచే తీరు, అక్కడి వేగం, మూడూ ఆ ఒక్క మ్యాచ్‌లో తెలిసిపోయాయి. దీనికోసం సూపర్ లీగ్ తమ మొదటి రౌండ్ మ్యాచ్‌ని వాయిదా వేయాల్సి వచ్చింది. లీగ్ ఆ వెసులుబాటు ఇవ్వకపోతే ఈ ప్రయాణం వృథా. వారంలో దిగి వారంలో ఆడితే 2018 లీడ్స్‌కి జరిగినట్టే జరుగుతుంది: మెల్‌బోర్న్‌లో 38-4.

టీవీ సమయం కూడా తూకంలో వెయ్యాలి. విగన్‌లో శనివారం రాత్రి ఎనిమిది గంటలకి మొదలైతే సిడ్నీలో ఆదివారం ఉదయం ఏడు, హైదరాబాద్‌లో తెల్లవారుజామున ఒంటిగంటన్నర. సిడ్నీలో సాయంత్రం ఏడైతే ఇంగ్లండ్‌లో పొద్దున ఎనిమిది, మనకి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. రెండు వైపులా సాయంత్రం దొరికే సమయం లేదు. ఇంగ్లండ్ రాత్రి మ్యాచ్‌కి ఆస్ట్రేలియా పొద్దున్నే లేచి చూస్తుంది, చూసే జనం అక్కడే ఎక్కువ కాబట్టి అదే లాభం.

ఇక వెగాస్. ఎన్ఆర్ఎల్ 2024 నుంచి తన మొదటి రౌండ్‌లో కొన్ని మ్యాచ్‌లని అక్కడికి తీసుకెళ్తోంది. హోటళ్ళు, ప్రసారం, ప్రయాణం, అన్నీ ఇప్పటికే సిద్ధం. సొంత మైదానం అనే ఫిర్యాదు కూడా ఉండదు. కాకపోతే ఆ మైదానం అమెరికన్ ఫుట్‌బాల్ కోసం కట్టింది, రగ్బీ లీగ్‌కి కావలసిన 68 మీటర్ల వెడల్పు అక్కడ పట్టదు. అంచుల్లో వింగర్లకి పరుగు తీసే చోటు తగ్గి, మధ్యలో ఢీకొట్టే జట్టుకే లాభం. ఇంకా పెద్ద అడ్డంకి, అక్కడ ఎన్ఆర్ఎల్ జట్లు లీగ్ పాయింట్ల కోసం ఆడుతున్నాయి. విజేతని అక్కడికి పంపితే ఆ జట్టుకి లీగ్ మ్యాచ్‌ని వేరే వారానికి మార్చాలి. వెగాస్‌ని ప్రతి ఏటా కాదు, ఇద్దరు విజేతలూ ఎలాగూ అక్కడికే వెళ్తున్న ఏడాది వాడుకోవాలి. 2025లాంటి అవకాశం మళ్ళీ వస్తే చేజార్చుకోకూడదు.

ఒక్క మ్యాచా, సిరీసా?

దీని మీద ఎక్కువ చర్చ అక్కర్లేదు. 1997లో 22 క్లబ్బులతో పెద్ద పోటీ పెట్టారు. సెమీఫైనల్స్‌కి ఒక్క యూరప్ క్లబ్బూ చేరలేదు. ఆక్లాండ్‌లో బ్రిస్బేన్ 36-12తో హంటర్ మారినర్స్‌ని ఓడించింది, ఆ మారినర్స్ క్లబ్ అదే ఏడాది మూతపడింది. నిర్వాహకులకి భారీ నష్టం మిగిలింది, తర్వాత రెండేళ్ళు అసలు పోటీయే లేదు. 2015, 2016లో మూడేసి మ్యాచ్‌ల సిరీస్ పెడితే రెండుసార్లూ ఆస్ట్రేలియా 3-0. 2017లో రెండు మ్యాచ్‌లకి తగ్గిస్తే విగన్, వారింగ్టన్ రెండూ గెలిచాయి, అయినా సిరీస్ అక్కడితో ఆగిపోయింది. ఛాంపియన్ కాని క్లబ్బులు ఆడే మ్యాచ్‌కి అర్థం చెప్పడం కష్టం. క్రికెట్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ 2013లో ఆడిన ఛాంపియన్స్ లీగ్ టీ20కి కూడా అదే గతి పట్టింది. ఐపీఎల్ నుంచి మూడు నాలుగు జట్లు వెళ్ళేసరికి ఛాంపియన్ అన్న మాటకి బరువు పోయింది, 2014 తర్వాత ఆ పోటీ లేదు.

కాబట్టి ఎలా?

ఒక్క మ్యాచ్, ఫిబ్రవరి మూడో వారం, ఎన్ఆర్ఎల్ మొదటి రౌండ్‌కి కనీసం పన్నెండు రోజుల ముందు. ఒక ఏడాది ఇంగ్లండ్, ఒక ఏడాది ఆస్ట్రేలియా, ముందే రెండేళ్ళకి రాసుకోవాలి. విజేత ఎవరో అక్టోబర్‌లో తేలాక దేశం కోసం బేరాలు మొదలుపెడితే 2025లాగే అవుతుంది. వేదికని మాత్రం విజేత సొంత మైదానానికి కట్టిపడెయ్యకూడదు. 2005లో లీడ్స్ తన హెడింగ్లీని వదిలి ఎల్లండ్ రోడ్‌కి వెళితే 37,028 మంది వచ్చారు. 2026 మ్యాచ్‌కి ఇంగ్లిష్ క్లబ్ హల్ కేఆర్ కూడా చిన్నదైన సొంత మైదానం క్రేవెన్ పార్క్‌ని కాదని ఎంకేఎం స్టేడియం ఎంచుకుంది. ఆస్ట్రేలియాలో అయితే బ్రిస్బేన్ సన్‌కార్ప్ స్టేడియం మేలు, ఆ ఊళ్ళో ఏ జట్టు ఆడినా రగ్బీ లీగ్‌కి జనం వస్తారు.

నిబంధనలు కూడా ముందే కాగితం మీద తేల్చుకోవాలి. ఎన్ఆర్ఎల్‌లో 40 మీటర్లకి అవతల నుంచి కొట్టిన డ్రాప్ గోల్‌కి రెండు పాయింట్లు, సూపర్ లీగ్‌లో 2025లో ఎక్కడి నుంచైనా ఒకటే. గోల్డెన్ పాయింట్‌లోకి వెళ్ళే మ్యాచ్‌లో ఇది చిన్న విషయం కాదు. మైదానంలో రిఫరీ ఆతిథ్య దేశం వాడైతే వీడియో రిఫరీ అతిథి దేశం వాడు కావాలి.

ప్రపంచ కప్ ఉన్న ఏడాది తర్వాత ఇంకో జాగ్రత్త అవసరం. 2026 ప్రపంచ కప్ అక్టోబర్ 15 నుంచి నవంబర్ 15 వరకు, ప్రధానంగా ఆస్ట్రేలియాలో. అందులో ఆడిన ఎన్ఆర్ఎల్ ఆటగాళ్ళు సెలవు ముగించుకుని క్లబ్ శిక్షణకి జనవరిలో గానీ రారు. నెల రోజుల శిక్షణతో ఇరవై నాలుగు గంటల విమానం ఎక్కమంటే ఏ కోచ్ అయినా రెండో జట్టుని పంపుతాడు. అందుకే 2027 ఫిబ్రవరి మ్యాచ్ ఆస్ట్రేలియా వంతుగా రాసుకోవాలి. సూపర్ లీగ్ విజేతకి మొదటి రెండు రౌండ్ల మ్యాచ్‌లని వెనక్కి జరిపి, పన్నెండు రోజుల ముందు బ్రిస్బేన్‌లో దించి, మధ్యలో క్వీన్స్‌లాండ్ క్లబ్ ఒకదానితో సన్నాహక మ్యాచ్ ఏర్పాటు చెయ్యాలి. ఆ ఖర్చు గేటు వసూళ్ళ నుంచి ముందు తీసి, మిగిలింది రెండు క్లబ్బులూ పంచుకోవాలి.