స్మారక కానుకగా బైనాక్యులర్ మైక్రోస్కోప్: మెడల్ కన్నా మేలే, కానీ చూసి కొనాలి

కాలం చేసిన భర్త పేరునో భార్య పేరునో, వాళ్ళు చదివిన తిరుపతి ఎస్వీ మెడికల్ కాలేజీకి ఏదైనా ఇద్దామనుకుంటే మనసు ముందు గోల్డ్ మెడల్ మీదికే పోతుంది. లెక్క వేయండి. 5 లక్షలు డిపాజిట్ చేసి ఆ వడ్డీతో ఏటా మెడల్ ఇప్పిద్దామంటే, 7 శాతం అనుకున్నా ఏడాదికి వచ్చేది 35 వేలు. పది గ్రాముల బంగారం లక్ష దాటాక ఆ వడ్డీకి మూడు గ్రాములు వస్తే గొప్ప. కొన్నేళ్ళకు మెడల్‌కి పూత మాత్రమే మిగులుతుంది. అదే డబ్బుతో 30 వేల రకం మైక్రోస్కోపులు 15 వస్తాయి, మరమ్మతులకు 50 వేలు మిగులుతుంది. ఆ 50 వేలు మాత్రం ఖర్చు పెట్టేయకండి.

ఫస్టియర్ ఫిజియాలజీలో ఎర్ర రక్తకణాల లెక్కకు 40ఎక్స్ (40 రెట్లు పెంచే లెన్సు), తెల్లకణాల రకాలు చూడ్డానికి 100ఎక్స్ ఆయిల్ ఇమ్మర్షన్ (స్లైడు మీద నూనె చుక్క వేసి చూసేది) కావాలి. కాబట్టి 4, 10, 40, 100 నాలుగు ఆబ్జెక్టివ్‌లూ (స్లైడు వైపు ఉండే లెన్సులు) ఉన్నదే తీసుకోవాలి. 40, 100 రెండింటికీ స్లైడుకు తగిలితే లోపలికి తగ్గే స్ప్రింగ్ ఉండాలి, లేకపోతే స్లైడూ పోతుంది, లెన్సూ పోతుంది. హాలోజన్ వద్దు, ఎల్‌ఈడీ చాలు: త్వరగా మాడదు, అంతగా వేడెక్కదు. హర్యానాలోని అంబాలాలో తయారయ్యేవి ధరకు తగ్గట్టే ఉంటాయి. అయితే ఫోకస్ నాబ్ తిప్పి వదిలి, స్టేజి (స్లైడు పెట్టే పలక) తనంతట తాను కిందికి జారుతోందేమో చూశాకే డబ్బు కట్టండి. ఒలింపస్ సీఎక్స్23 లెన్సులకు ఫంగస్ నిరోధక పూత ఉంటుంది, కానీ ధర బాగా ఎక్కువ. 5 లక్షల్లో సంఖ్య సగానికి పైగా తగ్గిపోతుంది.

ఎక్కువగా పాడయ్యేది 40ఎక్స్. అది పొడి లెన్సు, అంటే నూనె లేకుండా చూసేది. 100ఎక్స్‌లో చూశాక నూనె తుడవకుండా పిల్లలు మళ్ళీ 40ఎక్స్‌కి తిప్పుతారు, నూనె దానికి అంటుకుంటుంది, ఇక అంతా మసకే. సీడర్‌వుడ్ నూనె అయితే గట్టిపడి మొండికేస్తుంది, అందుకే సింథటిక్ నూనె సీసాలు కానుకతో పాటే ఇవ్వండి. లెన్స్ పేపర్ కూడా; దూదితో తుడిస్తే పోగులు మిగులుతాయి. తిరుపతిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల తేమకు లెన్సుల మీద ఫంగస్ తీగల్లా పాకుతుంది. ప్రతి పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ పెట్టించి, రంగు మారినప్పుడల్లా వేడి చేసి ఆరబెట్టమని ల్యాబ్ వాళ్ళకు రాసివ్వాలి.

పేరు స్టిక్కర్ మీద వద్దు, లెన్సు నూనె తుడిచే జైలీన్ ద్రవం తగిలితే ఊడిపోతుంది. చిన్న ఇత్తడి రేకు మీద చెక్కించి, ఆర్మ్‌కి (మైక్రోస్కోపును పట్టుకునే భాగం) వెనక వైపు బిగించండి. పేరు పక్కన బ్యాచ్ సంవత్సరం తప్పనిసరి: ఈ కాలేజీ వాళ్ళు మనిషిని గుర్తుపట్టేది దాంతోనే.

పన్ను సంగతి. వస్తువుగా ఇస్తే విరాళాలకిచ్చే పన్ను మినహాయింపు (పాత చట్టంలో 80జీ) రాదు. అనుమతి ఉన్న సంస్థకు డబ్బు రూపంలో ఇస్తేనే మినహాయింపు; దేనికోసమో రాసి, చెక్కుగా ఇవ్వడం మేలు. నగదు 2 వేలు దాటితే కుదరదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు అసలే లేదు. సంస్థ దగ్గర విరాళం సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. మైక్రోస్కోపుల నంబర్లన్నీ డిపార్ట్‌మెంట్ స్టాక్ రిజిస్టరులో ఎక్కించి, ఆ పేజీ నకలు మీ దగ్గర ఉంచుకోండి. రిజిస్టరులో లేని పరికరం వేరే గదికి పోతే అడిగేవాళ్ళుండరు.