3018 సీఎన్‌సీ ఎక్స్ యాక్సిస్‌కి పీఓఎం నట్టు: రెండేళ్లు దాటాక నా మాట

3018 సీఎన్‌సీ (కంప్యూటరు చెప్పినట్టు చెక్కే చిన్న మిషను) మీద చెక్కిన నేమ్ బోర్డులో సున్నాలు గుండ్రంగా రాకుండా ఎడమా కుడీ పక్కల చదునుగా వస్తున్నాయంటే ముందు ఎక్స్ యాక్సిస్ (ఎడమా కుడీ కదలిక) నట్టునే, అంటే మోటారు తిప్పే లీడ్ స్క్రూ అనే పొడవాటి మర కడ్డీ మీద జరుగుతూ క్యారేజిని లాగే నట్టునే, అనుమానించాలి. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఇది చాలాకాలం తెలియదు గానీ మన అక్షరాలన్నీ వంపులే కాబట్టి ఇట్టే దొరికిపోతుంది. తిరుపతిలో ఇంట్లోనే వేప, టేకు, ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసే బోర్డు) మీద బోర్డులు చెక్కే మిషను నాది. మోటారుకి కరెంటు ఉండగా స్పిండిల్‌ని (కోసే బిట్టుని తిప్పే భాగం) చేత్తో అటూ ఇటూ నెడితే డయల్ గేజి 0.4 మి.మీ. లూజు చూపించింది. మోటారుని లీడ్ స్క్రూకి కలిపే కప్లింగ్ స్క్రూలు గట్టిగానే ఉన్నాయి, లీడ్ స్క్రూ కదలట్లేదు, స్పిండిల్‌ని మోసే క్యారేజి మాత్రం కదులుతోంది, అంటే పోయింది నట్టే. మిషను నడిపే ప్రోగ్రామ్ జీఆర్‌బీఎల్ 1.1లో బ్యాక్‌లాష్ (ఈ లూజు) సరిచేసే సెట్టింగే లేదు కాబట్టి సాఫ్ట్‌వేర్‌తో నెట్టుకొచ్చే దారి లేదు.

ముందు స్ప్రింగు ఉన్న ఇత్తడి జంట నట్టు వేశాను. ఎండీఎఫ్ మీద బాగుంది. టేకులో కాస్త లోతుగా కోస్తే మాత్రం ఆ ఒత్తిడికి స్ప్రింగు నొక్కుకుపోయి మళ్లీ అదే లూజు. దాని బదులు వేసిందే ఈ పీఓఎం (గట్టి, జారుడు ప్లాస్టిక్) నట్టు, చీలిక ఉన్న బ్లాకు, స్క్రూ తిప్పి బిగించుకునే రకం. ఇప్పటికీ లూజు 0.05 మి.మీ. దగ్గరే ఉంది, నాకు అంతకంటే అక్కర్లేదు.

ఒక చిక్కు ఉంది, అమ్మేవాళ్లు చెప్పరు. చిన్న పనులన్నీ బెడ్డు మధ్యలోనే చేస్తాం కదా, లీడ్ స్క్రూ కూడా మధ్యలోనే ఎక్కువ అరుగుతుంది. అక్కడ సరిపోయేలా నట్టు బిగిస్తే చివర్లకి వెళ్లేసరికి పట్టేసి మోటారు మూలుగుతుంది, స్టెప్పులు తప్పుతాయి. అందుకే పాత స్క్రూ మీద కొత్త నట్టు దండగ, రెండూ కలిపే మార్చండి. ఈ మిషన్లకి వచ్చే టీ8 (8 మి.మీ. లావు) స్క్రూలన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ ఒక చుట్టుకి 2, 4, 8 మి.మీ. జరిగే రకాలున్నాయి. నాది 4, సెట్టింగులో మిల్లీమీటరుకి 800 మోటారు స్టెప్పులు. 8 రకం వేస్తే అది 400 చేయాలి. రేణిగుంట రోడ్డులో లేత్ పనిచేసే ఆయన్ని అడిగితే "ఈ మరకి ట్యాప్ లేదు సార్, ఆన్‌లైన్‌లో తెప్పించుకో" అని తేల్చేశాడు.

క్యారేజి జరిగే రాడ్ల మీద బేరింగు గుండ్లు గీతలు పెట్టి ఉంటే కొత్తవి కొనేముందు రాడ్డు వదులు చేసి ఎనిమిదో వంతు చుట్టు తిప్పి బిగించండి, పైసా ఖర్చు లేకుండా నున్నటి వైపు దొరుకుతుంది. బేరింగులు మార్చాల్సివస్తే మాత్రం ఎల్ఎం10యూయూ. గ్రీజు వద్దే వద్దు, ఎండీఎఫ్ పొడితో కలిసి సానపట్టే ముద్ద అవుతుంది. పీఓఎం నట్టుకి నేను నూనె కూడా వేయను, పొడి గుడ్డతో స్క్రూ తుడుస్తాను, అంతే.

బిగింపు స్క్రూ మాత్రం అప్పుడప్పుడు కొద్దిగా తిప్పాలి, ఎండాకాలం, వానాకాలం అని ఏమీ లేదు, సున్నా చదునుగా వచ్చినప్పుడల్లా. ఎండీఎఫ్ తప్ప ఇంకేదీ ముట్టనివాళ్లకి స్ప్రింగు నట్టే చాలు.