వైఫై డోర్‌బెల్ కెమెరా: పోలీసులు తలుపు కొట్టే బస్తీలో ఉండేటోళ్లకి పనికొస్తదా?

దొంగల భయంతో కొన్నోళ్ల రివ్యూలు ఆన్‌లైన్‌ల బోలెడున్నయి, ఇది వేరే. హైదరాబాద్‌ల మా బస్తీకి అప్పుడప్పుడు కార్డన్ సెర్చ్ పడ్తది, తెల్లారకముందే గల్లీ రెండు దిక్కులా మూసేసి ఇల్లిల్లూ తలుపు కొట్టి ఆధార్ చూపియ్, బండి ఆర్‌సీ చూపియ్ అంటరు. నాది నైట్ షిఫ్ట్, ఇంట్ల అమ్మా చెల్లీ ఉంటరు, అందుకే ఇది పెట్టించిన.

బెస్ట్ ఫీచర్ వీడియో కాదు, స్పీకర్, తలుపు తియ్యకుండనే ఫోన్‌లకెళ్లి బయటోళ్లతో మాట్లాడొచ్చు. ఎందుకంటే తలుపు తీసినంత మాత్రాన లోపలికి రమ్మన్నట్టు కాదు గానీ, తీసినంక మనమే రానిచ్చినమని అనొచ్చు, ఇగ వారెంట్ సంగతి ఎవరూ ఎత్తరు. మొన్న బెల్ మోగంగనే ఆఫీస్ నుంచే "సార్ నమస్తే, ఏ కేసు గురించి వచ్చిన్రు, సెర్చ్‌కి కారణం రాసుకున్నరా" అని అడిగిన. "రొటీన్ చెకింగ్ తమ్మీ" అన్నరు. అమ్మ కిటికీలకెళ్లే ఆధార్, ఆర్‌సీ చూపించింది, చూసి పోయిన్రు. అంతే.

అట్లని తలుపు తియ్యను పో అని మొండికేస్తే కాదు, ఇది మస్తు మందికి తెల్వదు. పాత సీఆర్‌పీసీ బదులు 2024 జూలై 1 నుంచి నడుస్తున్న బీఎన్ఎస్ఎస్ (అరెస్ట్, సెర్చ్, దర్యాప్తు ఎట్ల చెయ్యాల్నో చెప్పే చట్టం)ల సెక్షన్ 44 ప్రకారం అరెస్ట్ చెయ్యాల్సినోడు ఇంట్ల దూరిండని నమ్మకముంటే పోలీసులు రావొచ్చు, తామెవరో ఎందుకొచ్చిన్రో చెప్పి అడిగినంక కూడా తియ్యకపోతే పగలగొట్టొచ్చు. సెక్షన్ 185 ఏమో కేసు దర్యాప్తుకి ఫలానా వస్తువు కావాలె, వారెంట్ తెచ్చేలోపు లేటయితది అన్నప్పటిది. దానికి కారణం ముందే రాయాలె, సెర్చ్ అంతా వాళ్లే ఆడియో వీడియో తియ్యాలె, రాసింది 48 గంటల్ల మేజిస్ట్రేట్‌కి పంపాలె. లోకల్ సాక్షులు ఇద్దరన్నా ఉండాలె, తీస్కపోయినవాటి లిస్ట్ కాపీ మనకియ్యాలె. ఇల్లిల్లూ తిరిగి వెతుకుడు ఇందుల ఏడ ఫిట్ అయితదో నాకైతే సమజ్ కాలే. రాత్రిపూట ఇండ్లకొచ్చి చెక్ చేసుడు చెల్లదని సుప్రీంకోర్టు 1962లనే ఖరక్ సింగ్ కేసుల కొట్టేసింది మరి, అది యూపీ పోలీసుల రూల్ మీద.

ఇగ మైనస్‌లు. చీకట్ల మొహాలు కనిపిస్తయి గానీ యూనిఫాం మీద నేమ్‌ప్లేట్ చదవరాదు, నాకు అసలు కావాల్సిందే అది. కరెంట్ పోతే వైఫై పోతది, యాప్ ఖతం. గడప దాటినంక ఏమైతదో దీనికి కనపడదు, లోపల్ది వాళ్ల కెమెరాల ఉండాల్సిందే. క్లౌడ్ ప్లాన్‌కి నెలనెలా పైసలు దండుగ, మెమరీ కార్డ్ వేస్కోండి, ఏమన్నా అయితే దాన్ని ఫార్మాట్ కొట్టకుండ అట్లనే తీసి పెట్టుర్రి, కోర్టుకి ఒరిజినల్ ఉంటేనే మేలు.

5కి 3.5 ఇస్తున్న. కొనేటట్టైతే రౌటర్‌కి ఒక చిన్న యూపీఎస్ కూడా తీస్కోండి, లేకుంటే ఈ స్పీకర్ ఉన్నా లేనట్టే.