కోడిలో షేర్డ్ ఫోల్డర్: ఎస్‌ఎంబీనా, ఎన్‌ఎఫ్‌ఎస్సా?

కోడి అంటే సినిమాలు చూసే మీడియా ప్లేయర్ యాప్. వేరే కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను ఇంటి నెట్‌వర్క్ మీదుగా దానికి అందించే రెండు పద్ధతులు ఎస్‌ఎంబీ, ఎన్‌ఎఫ్‌ఎస్. సినిమాలన్నీ విండోస్ కంప్యూటర్‌లో ఉంటే ఎస్‌ఎంబీయే తేలిక. ఫోల్డర్ షేర్ చేసి, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇస్తే చాలు. కాకపోతే కోడిలో బ్రౌజ్ నొక్కితే కంప్యూటర్ కనబడకపోవచ్చు. అలాగని పాత ఎస్‌ఎంబీ1ని మళ్లీ ఆన్ చేయకండి, భద్రత ఉండదు. 'యాడ్ నెట్‌వర్క్ లొకేషన్'లో 192.168.1.10 లాంటి ఐపీ అడ్రస్, షేర్ పేరు మీరే టైప్ చేయండి. టెన్షన్ తీరిపోతుంది.

లైనక్స్ సర్వర్ ఉంటే మాత్రం నా ఓటు ఎన్‌ఎఫ్‌ఎస్‌కే. రాస్‌ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు మీద భారం తక్కువ. మామూలుగా పాస్‌వర్డ్ అడగదు, ఐపీ అడ్రస్ చూసి లోపలికి రానిస్తుంది. అందుకే ఏ ఫోల్డర్ ఎవరికి ఇవ్వాలో సర్వర్‌లో రాసే ఎక్స్‌పోర్ట్స్ ఫైల్‌లో ఇంటి నెట్‌వర్క్ వరకే అనుమతి ఇవ్వాలి. ఆ లైన్‌లోనే 'ఇన్‌సెక్యూర్' అని కూడా చేర్చాలి. ఎందుకంటే కోడి సాధారణంగా 1024 పైనున్న పోర్టు (కనెక్షన్ నంబరు) నుంచి అడుగుతుంది, సర్వర్ మామూలుగా అంతకంటే చిన్న నంబర్లనే నమ్ముతుంది. అలాంటప్పుడు ఆ ఒక్క మాట లేకపోతే సర్వర్ తలుపు తీయదు. నాకు ఒక సాయంత్రమంతా పోయింది అక్కడే.